కన్సర్వేటరుగారి నేరేడు మొక్క

కరువు వల్ల అడవి బలపడుతుందని మా శాఖవారు కనిపెట్టిన ఏడాది నేను బూడిదగుట్ట రేంజి ఆఫీసరుని. అంత గొప్ప ఆవిష్కరణలో నాకూ కాస్త భాగం ఉంది. మట్టి తవ్వించి, సంచుల్లో కట్టి, పరీక్షకు పంపింది నేనే. పంపకపోతే ఏ గొడవా ఉండేది కాదు కదా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. పంపమన్నారు, పంపాను. గవర్నమెంటు ఉద్యోగంలో ఇంతకన్నా ఆలోచించి చేసే పనులు నాకైతే తెలియవు.

అప్పటికి వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. మా రేంజి నల్లమల అంచున ఉంటుంది. చెట్లు మాఘమాసం రాకముందే ఆకులు దులిపేసుకుని నిలబడ్డాయి. రాలిన ఆకు కుళ్ళి మట్టిలో కలవాలన్నా తేమ కావాలి కదా, ఆ తేమ కూడా లేదు. నిరుటి ఆకు మీద ఈ ఏటి ఆకు పడి, కాలు పెడితే అప్పడాల్లా విరిగేవి. జింకలకు దొరికేవి కొమ్మలకు అంటుకున్న గట్టి ఆకులే. పొద్దస్తమానం నమిలినా వాటికి ఒంట పట్టేది కాదు. పక్కటెముకలు దూరం నుంచే కనిపించేవి.

వాటి కోసం అడవిలో అక్కడక్కడ సిమెంటు తొట్లు కట్టించాం. మస్తాను అనే డ్రైవరు ట్యాంకరు తోలుకొచ్చి వాటిని నింపేవాడు. దారిలో చెంచుల గూడెం ఒకటుంది. అక్కడి బోరు ఎప్పుడో ఎండిపోయింది. మస్తాను గూడెం ముందు బండి ఆపి అక్కడి డ్రమ్ములు కూడా నింపి పోయేవాడు. ఇది ఏ ఉత్తర్వులోనూ లేదు. లేదు గనకనే సాఫీగా జరిగిపోయేది.

ఇలా ఉండగా మట్టి పరీక్షల ఫలితాలు వచ్చాయి. మమ్మల్నందరినీ సర్కిల్ ఆఫీసుకి పిలిపించారు. మా సర్కిల్ పెద్ద, కన్సర్వేటరు తిరునగరి వరాహమూర్తిగారు నిండైన మనిషి, మంచివారు, ఎవరి కడుపూ కొట్టినవారు కాదు. ఆయనకున్న బలహీనత ఒక్కటే. గోడ మీద వేసిన గ్రాఫులో గీత పైకి పోతే సంతోషిస్తారు, కిందికి వస్తే బాధపడతారు. ఆ గీత దేన్ని గురించి అన్నది ఆయన ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ రోజు గీత బ్రహ్మాండంగా పైకి పోయింది.

"డాక్టర్ విదులగారూ, అడవి నేలలో నత్రజని పెరిగిందా, తగ్గిందా? సూటిగా చెప్పండి," అన్నారాయన.

డాక్టర్ విదులగారు మట్టి పరీక్షలు చేసిన శాస్త్రవేత్త. సన్నగా, చిన్న గొంతుతో మాట్లాడుతుంది. "పెరిగింది సార్. కానీ దానికి కారణం..."

"విన్నారా? పెరిగింది!" అని ఆయన మావైపు తిరిగారు. మేం చప్పట్లు కొట్టాం.

"సార్, ఒక్క మాట," అందావిడ, చప్పట్లు ఆగాక. "చెట్టు మనలాగా నమిలి తినదు కదండీ. నేల్లో ఉన్నది నీళ్ళలో కరిగితేనే వేరు పీల్చుకోగలదు. నీళ్ళు లేవు కాబట్టి నేల్లోది నేల్లోనే మిగిలిపోయింది. ఆకుల్లో బలం పడిపోయింది. పెళ్ళిలో విస్తళ్ళన్నీ వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయంటే విందు బాగా జరిగినట్టు కాదు సార్. ఎవరో చుట్టాల చేతులు కట్టేసినట్టు."

వరాహమూర్తిగారు ఆ మాటని కాసేపు ఆస్వాదించారు. "చాలా చక్కని పోలిక. విస్తళ్ళు నిండుగా ఉన్నాయన్నారు. మాకు అంతే కావాలి. మీరు సైన్సు చెప్పండమ్మా, విధాన నిర్ణయం మాకు వదిలేయండి."

మేం మళ్ళీ చప్పట్లు కొట్టాం.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. ఎంత గొప్ప భాష అనుకున్నారు! "అటవీ నేలయందు కరువు కారణముగా సంచితమైన పోషక నిధి, జలస్పర్శ వలన కరిగి, వృక్షములచే యథేచ్ఛగా వినియోగింపబడు ప్రమాదము కలదు. కావున సదరు నిధిని పరిరక్షించు నిమిత్తము, తదుపరి ఉత్తర్వుల వరకు అడవిలో ఎక్కడనూ ఎట్టి నీరునూ పోయరాదు." నేను రెండోసారి చదివాను. వృక్షములచే వినియోగింపబడు ప్రమాదము అని ఉన్నమాట నిజమే. అడవిలో చెట్లు తింటున్నాయని మా ఆఫీసుకి అనుమానం వచ్చిందన్నమాట.

ట్యాంకరు ఆగిపోయింది. మస్తాను బండిని డిపోలో పెట్టేసి, తాళం నా టేబులు మీద పెట్టి, "నీళ్ళు పోస్తే నేల పాడైతాదంట గదా సార్, మా ఇంట్లో కుండీలు గూడా ఎండబెట్టమంటారా?" అని అడిగాడు. ముఖం చూస్తే వేళాకోళమో నిజమో తెలియలేదు.

నాలుగు రోజులకి గూడెం పెద్ద మండ్ల బయ్యమ్మ నన్ను వెతుక్కుంటూ రేంజి ఆఫీసుకి వచ్చింది. డెబ్బై పైబడ్డ మనిషి. గొంతు మాత్రం ఇప్పటికీ కొండ అవతలకి వినిపిస్తుంది.

"ఏంది సారూ, బండి రాకపాయె? డ్రమ్ములు బోర్లిచ్చి కూచున్యాము."

"పైనుంచి ఆర్డరు వచ్చిందవ్వా. నేల బలంగా ఉందంట. నీళ్ళు పోస్తే బలం పోతుందంట."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నేలకు బలముండాదా? మంచిదే. మాకు ల్యాదు గదా నాయనా. తాగేకి నీళ్ళు ల్యావు. పిల్లలు రెండు కొండలు దాటి పోయి తెస్తాండారు. ఇంగ రెండు వారాలు జూస్తాము. బండి రాకుంటే గూడెమంతా మూటాముల్లె గట్టుకోని టౌనుకు పోయి కూలి జేసుకుంటాము. అడివి మీరే కాసుకోండి."

"అంత మాట అనొద్దవ్వా."

"అంత మాట కాకుంటే ఎంత మాట అనాల్నో నువ్వే జెప్పు."

ఆ గూడెం వాళ్ళు టౌనుకి పోతే ఏ మేస్త్రీ చేతిలో పడతారో, మళ్ళీ తిరిగి వస్తారో రారో నాకు తెలుసు. అంతకుముందు వెళ్ళిన గూడెం ఒకటి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. సిగ్గేసింది.

ఫోను తీసి వరాహమూర్తిగారితో మాట్లాడాను. గూడెం సంగతి చెప్పాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యయ్యో, పాపం! తాగునీరు మన శాఖ పరిధిలోకి రాదు కదయ్యా ఓబుళేసూ. సంబంధిత శాఖకి రాయండి."

"రాశాను సార్. అడవిలోకి రావడానికి మన అనుమతి కావాలన్నారు."

"అయితే మనకి దరఖాస్తు పెట్టమనండి."

"పెట్టారు సార్. నీళ్ళ బండికి అనుమతి లేదని మనమే తిప్పి పంపాం."

"మరి అన్నీ సక్రమంగానే జరుగుతున్నాయి కదా!" అన్నారాయన, ఊరటగా.

ఇక సంబరాలు మొదలయ్యాయి. 'శుష్క సమృద్ధి వారోత్సవాలు' అని పేరు. ఎండిన మట్టిగడ్డలను అద్దాల పెట్టెల్లో పెట్టి ఆఫీసు వరండాలో ప్రదర్శించారు. రోడ్డు పక్కన మోడైన చెట్ల కింద 'ఇచ్చటి నేల మిక్కిలి పుష్టిగా ఉన్నది' అని బోర్డులు పెట్టించారు. ఆ దారిన పోయే బస్సులో జనం బోర్డు చూసి, చెట్టు చూసి, మళ్ళీ బోర్డు చూసేవారు. ఏ రేంజి నేల ఎంత పొడిగా ఉందో పోటీలు పెట్టారు. పక్క రేంజిలో ఒక ఊట ఇంకా పారుతోందని తెలిసి అక్కడి రేంజి ఆఫీసరుకు మెమో ఇచ్చారు. "సదరు ఊటను ఎవరి ప్రోద్బలముతో పారనిచ్చితిరి?" అని అడిగారు. ఆ పెద్దమనిషి భయపడి, ఆ ఊట తాను చేరకముందు నుంచే పారుతోందని, తన ముందున్నవారిని విచారించవలసిందని రాసుకున్నాడు.

ఆకుల్లో బలం లేదని డాక్టర్ విదులగారు ఇంకొకసారి చెప్పబోతే వరాహమూర్తిగారు, "చెట్లు పొదుపు పాటిస్తున్నాయి, మనం ప్రోత్సహించాలి," అన్నారట. జింకలు చిక్కిపోయాయంటే, "చురుగ్గా ఉన్నాయని రాయండి," అన్నారట. చురుకుదనం సంగతేమో గానీ, ఒక జింక దాహానికి తాళలేక పొలాల్లో బోరు దగ్గరికి వెళ్ళి కుక్కల నోట పడింది. మా గార్డులు విడిపించి తెచ్చి ఆఫీసు వెనక కట్టేశారు. దానికి బకెట్టులో నీళ్ళు పెట్టాను. అడవిలో పోయరాదన్నారు గానీ ఆఫీసు వెనక వద్దనలేదు. అది బకెట్టులోంచి తల ఎత్తకుండా తాగుతుంటే చూస్తూ, ఇంక ఏదో ఒకటి చెయ్యాల్సిందే అనుకున్నాను.

అవకాశం దానంతటదే కాళ్ళ దగ్గరికి వచ్చింది. వారోత్సవాల ముగింపు సభ మా రేంజిలో పెడతామన్నారు. పోటీలో నేల అత్యంత పొడిగా ఉన్నది మా రేంజేనని తేలింది మరి. వరాహమూర్తిగారు స్వయంగా వచ్చి 'పోషక నిధి' శిలాఫలకం ఆవిష్కరిస్తారు.

నేను ఫోను చేశాను. "సార్, ఫలకం పక్కన తమరి చేతుల మీదుగా ఒక మొక్క కూడా నాటితే బాగుంటుంది. తరతరాలు చెప్పుకుంటారు."

"నేనూ అదే అనుకుంటున్నానయ్యా!" అన్నారు. అనుకోలేదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

స్థలం నేనే ఎంచాను. గూడేనికీ జింకల తొట్టికీ సరిగ్గా మధ్యన. ఏ బండి అక్కడికి రావాలన్నా గూడెం డ్రమ్ముల ముందునుంచే రావాలి. 'కన్సర్వేటరు శ్రీ తిరునగరి వరాహమూర్తిగారి అమృత హస్తములతో నాటబడిన నేరేడు మొక్క' అని బోర్డు రాయించాను. మొక్క కన్నా బోర్డు ఎత్తుగా వచ్చింది.

సభ ఘనంగా జరిగింది. వరాహమూర్తిగారు పలుగు పట్టి మట్టి తీశారు. ఎండిన నేల మీద పలుగు ఠంగుమంది. "చూశారా, ఎంత దిట్టంగా ఉందో!" అని అందరివైపూ గర్వంగా చూశారు. మొక్క నాటారు. పద్ధతి ప్రకారం చెంబు అందుకోబోయి, సర్క్యులరు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఖాళీ చెంబు వంచినట్టు ఫొటో తీయించుకున్నారు. గుంపులో నిలబడ్డ బయ్యమ్మ "ఆ సారుకు చెంబులో నీళ్ళు ల్యావని జెప్పండి ఎవురన్నా," అని గట్టిగా అంది. ఫొటోగ్రాఫరు నవ్వు ఆపుకోలేక కెమెరా కదిలించేశాడు. ఇంకోసారి తీశారు.

మూడో రోజున ఆయన ఫోను. "ఓబుళేసూ, మన మొక్క ఎలా ఉంది?"

"నేల చాలా పుష్టిగా ఉంది సార్."

"నేల సంగతి కాదయ్యా, మొక్క."

"నిబంధనల ప్రకారం చుక్క నీరు పోయలేదు సార్. ఆకులు కొంచెం... పొదుపు పాటిస్తున్నాయి."

"వాడిందా?"

"తమరి పేరున్న బోర్డు మాత్రం నిటారుగా ఉంది సార్."

ఆయన గొంతు మారిపోయింది. ఎన్ని వేల చెట్లు మోడైనా చలించని మనిషి, పిల్లాడికి జ్వరం వచ్చిందని విన్న తండ్రిలా కంగారుపడ్డారు. "పై నెలలో పెద్దవారు తనిఖీకి వస్తున్నారు. ఆ బోర్డు చూడకుండా పోరు. ఏం చెయ్యాలి? చెప్పవయ్యా!"

"నాదేముంది సార్, సర్క్యులరు తమరిది."

సాయంత్రానికి సవరణ వచ్చింది. "ప్రముఖులచే నాటబడిన మొక్కలకు మానవతా దృక్పథముతో నీటి మినహాయింపు ఇవ్వడమైనది." ఎంత నీరు అన్నచోట మా ఆఫీసు పట్టికలో బిందె, బకెట్టు లాంటి కొలతలు లేవు. ట్యాంకరే ఉంది. కాబట్టి మోకాలెత్తు నేరేడు మొక్కకి రోజు విడిచి రోజు ఒక ట్యాంకరు మంజూరైంది. "మిగులు జలము వృథా కాకుండా సమీపమున నిల్వ చేయవలెను," అని చివర్లో ఒక ముక్క చేర్పించుకున్నాను.

మస్తాను తాళం తీసుకుని పరుగున పోయాడు. మొక్కకి చెంబెడు పోశాడు. మిగిలింది సమీపమున నిల్వ చేశాడు. గూడెం డ్రమ్ములూ నిండాయి, జింకల తొట్టీ నిండింది. బయ్యమ్మ కట్టిన మూటలు విప్పేసి, "ఈ సారూ ఒగోసారి పనికొస్తాడు," అని నన్ను గురించి అందట. నాకు అంతకన్నా మంచి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఎవరూ రాయలేదు.

కానీ ఒకటి నేను ఆలోచించలేదు. అడవి మొత్తం మీద పచ్చగా, మెత్తగా, సారంతో ఉన్న ఆకు ఆ మొక్కదే. పక్కనే నీళ్ళ తొట్టి. ఒక పొద్దున మస్తాను ఫోను చేశాడు. "సార్, బోర్డు ఉంది. మొక్క ల్యాదు."

వెళ్ళి చూస్తే నేల మీద వేలెడు కాడ, చుట్టూ జింక గిట్టల గుర్తులు. మొక్క లేదంటే మినహాయింపు లేదు. మినహాయింపు లేదంటే ట్యాంకరు లేదు. గూడెం మళ్ళీ మూటలు కట్టుకోవాల్సిందే.

"అంతేనా? ఇంత దానికి ఏడుపు మొగమేంది?" అంది బయ్యమ్మ. మధ్యాహ్నానికి ఎక్కడో వాగు మలుపులో బతికున్న నేరేడు మొక్కని మట్టిగడ్డతో సహా పెకలించి తెచ్చి అక్కడ నాటింది. కొంచెం పొట్టిది. ఆకు తీరు కూడా వేరు. దాన్ని కూడా జింకలు తిన్నాయి. మూడోదానికి ముళ్ళకంప కట్టాం. పెద్దల తనిఖీ రోజున వరాహమూర్తిగారు ఆ మొక్క ముందు వంగి, ఆకు నిమిరి, "నా చెయ్యి మంచిదయ్యా. ఎంత ఎదిగిందో చూడు!" అన్నారు. చూశాను. ఆయన నాటినదానికన్నా జానెడు పొట్టిగా ఉంది. "అవును సార్, పోల్చుకోలేకపోయాను," అన్నాను.

మృగశిర కార్తెలో వాన వచ్చింది. అట్లా ఇట్లా కాదు. మూడు రోజులు దిక్కులు కనబడకుండా కొట్టింది. రెండేళ్ళ ఆకు ఒక్కసారిగా నాని మెత్తబడింది. అడవంతా మట్టివాసన. వాన వెలిసిన పక్షానికి మోడులన్నీ చిగుళ్ళు వేసి, జింకలు మెడలెత్తకుండా మేస్తున్నాయి.

సర్కిల్ ఆఫీసులో మాత్రం విషాదం అలుముకుంది. కొత్తగా తీసిన మట్టి ఫలితాల్లో గీత కిందికి పడిపోయింది. ఏ రేంజి చూసినా అంతే. పోషక నిధి కరిగిపోయింది. వరాహమూర్తిగారు చూసి తట్టుకోలేక, డాక్టర్ విదులగారిని వెంటబెట్టుకుని నేరుగా మా రేంజికి వచ్చారు. గొడుగు కింద, శిలాఫలకం పక్కన, చుట్టూ కన్ను పట్టనంత పచ్చదనం మధ్య దిగాలుగా నిలబడ్డారు.

"ఎంత కష్టపడి కాపాడాం ఓబుళేసూ! అంతా ఎక్కడికి పోయింది?"

డాక్టర్ విదులగారు నోరు తెరవబోయి, ఎందుకొచ్చిన బాధ అన్నట్టు మూసుకుంది. నాకేమో ఎదురుగా ఉన్నదాన్ని చూపించాలంటే చెయ్యి ఎటు చాపాలో తెలియలేదు. అన్నివైపులా అదే.

నీళ్ళ బిందెతో పోతున్న బయ్యమ్మ ఆగింది. "ఏం పోయింది సారూ?"

"నేలలో బలం పోయిందమ్మా."

"యాడికి పోతాది? నీ చెట్టు తినింది."

వరాహమూర్తిగారు ఉలిక్కిపడ్డారు. "నా చెట్టా?"

"నీదే. ఇంతుండేది, సూడు, నీ నడుము దాక వొచ్చింది. తినకుంటే ఎట్ల పెరుగుతాది?"

ఆయన నేరేడు మొక్క వైపు తిరిగారు. వాన కడిగిన ఆకులు నిగనిగలాడుతున్నాయి. పైన లేత ఎరుపు చిగురు. ముఖంలో కన్సర్వేటరు మెల్లగా పక్కకి తప్పుకుని, ఇంకెవరో వచ్చారు. ముళ్ళకంప సందులోంచి చెయ్యి పెట్టి ఆ చిగురుని తాకారు. ముల్లు గీసుకున్నా పట్టించుకోలేదు.

"ఇదే తిన్నదా?" అని మెల్లగా అడిగారు.

"అవును సార్," అన్నాను. డాక్టర్ విదులగారు కూడా అవునన్నట్టు తలూపింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

"తిననీలేవయ్యా," అన్నారు వరాహమూర్తిగారు. "ఎదిగే వయసు." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "వచ్చే ఎండాకాలం కూడా ట్యాంకరు ఆపొద్దు. దీనికి దాహం వేస్తుంది," అన్నారు.

దండం పెట్టాను. అలవాటుగా కాదు, నిజంగానే.

అక్కడితో కథ అయిపోయిందనే అనుకున్నాను. ఆయన ఆఫీసుకి చేరి కుర్చీలో కూర్చున్నట్టున్నారు, మర్నాడు మెమో వచ్చింది. "నేరేడు మొక్క పోషకములు స్వీకరించిన విషయము గ్రహించి ఆమోదించడమైనది. అయితే సదరు అడవిలోని మిగతా చెట్లు ఎవరి అనుమతితో తిన్నవో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆ మధ్యాహ్నం గూడేనికి వెళ్ళి బయ్యమ్మకి చదివి వినిపించాను. ఏం రాయమంటావవ్వా అని అడిగాను. ఆమె చింతచెట్టు మొదట్లో కూర్చుని చాలాసేపు నవ్వింది. పళ్ళు లేని నవ్వు. తరవాత చెప్పింది. ఆఫీసుకొచ్చి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాసి సంతకం పెట్టి పంపాను:

"అయ్యా, అడవిలోని మిగతా చెట్లన్నీ తమరి మొక్కకు చుట్టాలు. పిలవకపోయినా విందుకు వచ్చినవి. తినవద్దని అనలేకపోతిమి."